బెలూన్ కారును తోసే ఆరు గ్రాముల బలం

అట్ట ముక్క ఒకటి, సీసా మూతలు నాలుగు, వెదురు పుల్లలు రెండు, ఒక స్ట్రా, ఒక బెలూన్. సామగ్రి ఇంతే. పిల్లల చేత ఈ బొమ్మ కారు చేయించి, బెలూన్ ఊది వదలగానే "న్యూటన్ మూడో సూత్రం, ప్రతి చర్యకూ సమానమైన ప్రతిచర్య ఉంటుంది" అని చెప్పి పాఠం ముగించడం ఆనవాయితీ. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ ఒకే రకం బెలూన్, ఒకే కొలత స్ట్రా పెట్టిన రెండు కార్లను పక్కపక్కనే వదిలి చూడండి. ఒకటి గది దాటి ఎదురు గోడకు తగులుతుంది. రెండోది జానెడు కదిలి, బుస్సుమని గాలంతా వదిలేసి, ఉన్నచోటే నిలబడిపోతుంది. మూడో సూత్రం రెండింటికీ ఒకటే. తేడా మరెక్కడో ఉంది.

ఆ తేడా అర్థం కావాలంటే ముందు ఒక సంఖ్య తెలియాలి. మామూలు బెలూన్, మామూలు స్ట్రా ఉన్న కారును ముందుకు తోసే బలం సుమారు ఆరు గ్రాముల బరువంత. అంటే ఒకటి రెండు నాణేలను అరచేతిలో పెట్టుకుంటే అవి కిందికి నొక్కేంత. ఇంత చిన్న బలంతో నడిచే బండికి ప్రతి ఆటంకమూ పెద్దదే. పెద్ద కారులో ఎవరూ పట్టించుకోని విషయాలు ఇక్కడ గెలుపోటములు తేలుస్తాయి.

లెక్కలకు వీలుగా ఒక కారును ఊహించుకుందాం. బరువు 60 గ్రాములు. బెలూన్ ఊదితే 25 సెంటీమీటర్ల వ్యాసం వస్తుంది, అందులో దాదాపు 8 లీటర్ల గాలి పడుతుంది. స్ట్రా లోపలి వ్యాసం 5 మిల్లీమీటర్లు, పొడవు 5 సెంటీమీటర్లు. చక్రాలు 3 సెంటీమీటర్ల వ్యాసమున్న మూతలు, ఇరుసులు 3 మిల్లీమీటర్ల మందం పుల్లలు. ఇకపై వచ్చే అంకెలన్నీ ఈ కారువే. ఇవి కాగితం మీది అంచనాలు. చేతిలో ఉన్న కారు కాస్త అటూ ఇటూ ఉంటుంది.

వెనకున్న గాలిని తోస్తోందా?

స్ట్రాలోంచి వచ్చే గాలి వెనకున్న గాలిని నెడుతుందని, ఆ గాలి తిరిగి కారును ముందుకు నెడుతుందని చాలామంది అనుకుంటారు. పెద్దలు కూడా. పడవ నడిపేవాడు తెడ్డుతో నీటిని నెట్టినట్టు ఇక్కడ కూడా నెట్టడానికి బయట ఏదో ఒకటి ఉండాలని మనసు చెబుతుంది. ఈ పొరపాటు చేసినవాళ్లలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక కూడా ఉంది. రాకెట్‌తో చంద్రుడిని చేరవచ్చన్న అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ గొడ్డార్డ్‌ను 1920 జనవరి 13న ఆ పత్రిక సంపాదకీయంలో వెక్కిరించింది. శూన్యంలో రాకెట్ నెట్టడానికి ఏముంటుంది, బడిపిల్లలకు తెలిసిన సంగతి ఈయనకు తెలియదా అన్నది దాని సారాంశం. గొడ్డార్డ్ అప్పటికే గాలి తీసేసిన గొట్టంలో రాకెట్లను మండించి, అక్కడా తోపుడు బలం పుడుతుందని కొలిచి చూశారు. అపోలో 11 బయలుదేరిన మర్నాడు, 1969 జులై 17న, ఆ పత్రిక తన పొరపాటును సవరించుకుంది. దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

అసలు జరిగేదంతా బెలూన్ లోపలే జరుగుతుంది. మూతి బిగించి ఉన్నంతసేపు లోపలి గాలి అన్ని వైపుల గోడలనూ సమానంగా తోస్తుంది. ముందు గోడ మీది తోపు, వెనక గోడ మీది తోపు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. మూతి తెరిచిన క్షణంలో వెనక గోడలో కొంత భాగం మాయమవుతుంది. అక్కడ తోయించుకోవడానికి గోడే లేదు. ముందు గోడ మీది తోపు మాత్రం అలాగే ఉంది. జోడు లేకుండా మిగిలిన ఆ తోపే కారును కదిలిస్తుంది. వెనక జానెడు దూరంలో గోడ ఉన్నా ఒకటే, ఖాళీ మైదానం ఉన్నా ఒకటే.

ఈ బలం ఎంత? ఇలాంటి బెలూన్‌లో పీడనం బయటి గాలి కంటే 2500 పాస్కల్‌ల దాకా ఎక్కువ ఉంటుంది. వాతావరణ పీడనంలో ఇది రెండున్నర శాతం. ఇంకోలా చెప్పాలంటే చదరపు సెంటీమీటరుకు పాతిక గ్రాముల బరువు. స్ట్రా రంధ్రం వైశాల్యం చదరపు సెంటీమీటరులో అయిదో వంతు కాబట్టి మాయమైన గోడ భాగం లెక్క అయిదు గ్రాములు. కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ మూతి దగ్గరికి పరుగెత్తే గాలికి వేగం పెరుగుతూ పీడనం తగ్గుతుంది. అందువల్ల రంధ్రం చుట్టూ ఉన్న గోడ మీద కూడా తోపు తగ్గుతుంది. వెనక వైపు నష్టం రంధ్రంతో ఆగదు, దాని చుట్టుపక్కలకూ పాకుతుంది. గాలి ఏ ఒరిపిడీ లేకుండా సాఫీగా బయటపడితే మొత్తం తోపుడు బలం రెట్టింపై పది గ్రాములు కావాలి.

ఇదే లెక్కను గాలి వైపు నుంచి కూడా చేయవచ్చు. ఆ పీడనానికి గాలి సెకనుకు 64 మీటర్ల వేగం అందుకోగలదు. కానీ స్ట్రా లోకి దూరేటప్పుడు అంచు దగ్గర సుడులు తిరిగి కొంత, స్ట్రా గోడలకు ఒరుసుకుని కొంత పోగా మిగిలేది 49 మీటర్లు. గంటకు 175 కిలోమీటర్లు. నోటితో ఊదిన బెలూన్‌లోంచి ఇంత వేగమా అనిపిస్తుంది. సన్నని ఆ ధార కొద్ది దూరంలోనే చుట్టూ ఉన్న గాలిలో కలిసి నెమ్మదిస్తుంది కాబట్టి చేతికి అంతగా తెలియదు. అలా సెకనుకు ఒక గ్రాము పైచిలుకు గాలి బయటికి పోతుంది. సెకనుకు పోయే ద్రవ్యరాశిని దాని వేగంతో గుణిస్తే 0.056 న్యూటన్లు. అదే మొదట చెప్పిన ఆరు గ్రాములు.

నమ్మకం కుదరకపోతే వంటింటి డిజిటల్ త్రాసు చాలు. స్ట్రా నిలువుగా పైకి చూసేలా కారును త్రాసు మీద కదలకుండా నిలిపి, బెలూన్ ఊది, రీడింగు చూసి, మూతి వదలాలి. గాలి పైకి పోతుంటే కారు కిందికి నొక్కుతుంది. త్రాసు అయిదారు గ్రాములు ఎక్కువ చూపిస్తుంది. గాలి అయిపోగానే అంకె మళ్లీ వెనక్కు వస్తుంది. బలాన్ని కళ్లతో చూడటానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు.

రబ్బరు చేసే చిత్రాలు

రబ్బరు బెలూన్‌ను మొదట చేసింది ప్రయోగశాలలోనే. మైకేల్ ఫారడే 1824లో హైడ్రోజన్ వాయువుతో ప్రయోగాల కోసం రెండు రబ్బరు రేకుల అంచులను కలిపి అతికించి తిత్తి చేసుకున్నాడు. బొమ్మగా మారింది ఆ తరువాతే. ఈ తిత్తికి ఒక విచిత్ర గుణం ఉంది. దాన్ని ఊదినవాళ్లందరికీ అది బుగ్గల నొప్పిగా పరిచయమే. మొదటి రెండు మూడు ఊపిరులే కష్టం. ఒకసారి లొంగాక సులువుగా ఉబ్బుతుంది. చివర పగలడానికి ముందు మళ్లీ గట్టిపడుతుంది.

ఇది కారుకు మేలు చేసే గుణం. బెలూన్ ఖాళీ అవుతున్న కొద్దీ పీడనం క్రమంగా పడిపోతుందని, తోపు కూడా నీరసిస్తుందని ఎవరైనా అనుకుంటారు. జరిగేది అది కాదు. చాలాసేపు పీడనం ఇంచుమించు నిలకడగా ఉంటుంది. బెలూన్ పిడికిలంత అయ్యాక కాస్త పెరుగుతుంది కూడా. ఎందుకంటే వంపు ఎంత బిగువుగా ఉంటే రబ్బరు లాగుడు లోపలి గాలిని అంత గట్టిగా పిండుతుంది. రెండు బెలూన్లను, ఒకటి చిన్నగా ఒకటి పెద్దగా ఊది గొట్టంతో కలిపితే సాధారణంగా చిన్నదే తన గాలిని పెద్దదానిలోకి తోసేస్తుంది. చూసిన ప్రతిసారీ తలకిందులుగా అనిపించే దృశ్యం అది. కారు విషయంలో మాత్రం దీని అర్థం సూటిగా ఉంది. పరుగు మొదలు నుంచి చివరి దాకా ఇంజను బలం పెద్దగా మారదు.

ఇంకో చిన్న విషయం చాలా సలహాల్లో తిరగబడి కనిపిస్తుంది. బెలూన్‌ను ముందే ఒకటి రెండుసార్లు ఊది సాగదీసి ఉంచుకుంటే మంచిదంటారు. ఊదడానికి మంచిదే. కానీ సాగిన రబ్బరు మెత్తబడుతుంది. అదే పరిమాణానికి ఈసారి తక్కువ పీడనం సరిపోతుంది. పీడనం తగ్గితే తోపూ తగ్గుతుంది. ఊపిరితిత్తులకు దక్కిన సుఖం కారు ఖాతాలోంచి పోయినట్టే. ఊది గంటల తరబడి బిగించి ఉంచినా ఇదే జరుగుతుంది. బలం కావాలనుకునేవాళ్లు ఒక బెలూన్‌లో ఇంకొకటి దూర్చి రెండూ కలిపి ఊదితే పీడనం దాదాపు రెట్టింపవుతుంది. కాకపోతే బుగ్గలు ఒప్పుకోవాలి.

స్ట్రా ఎంత సన్నగా ఉండాలి?

సన్నని స్ట్రా అయితే గాలి ఎక్కువ వేగంతో వస్తుంది కాబట్టి కారు ఎక్కువ వేగంగా పోతుందన్నది ఇంకో అపోహ. తోటకు నీళ్లు పట్టే గొట్టం మూతిని వేలితో మూస్తే నీరు దూరం పోతుంది కదా అన్న పోలిక దీనికి మూలం. అక్కడ పొడవాటి గొట్టమంతా నీటిని ఆపుతుంది, వేలు పెట్టగానే ప్రవాహం తగ్గి ఆ ఆటంకం తగ్గుతుంది, అందుకే వేగం పెరుగుతుంది. బెలూన్‌కు అలాంటి పొడవాటి గొట్టం లేదు. గాలి వేగాన్ని నిర్ణయించేది పీడనమే. స్ట్రాను సన్నబరిస్తే వేగం పెరగకపోగా, గోడల ఒరిపిడి ఎక్కువై కొంచెం తగ్గుతుంది.

మన కారుకే మూడు రకాల స్ట్రాలు పెట్టి లెక్క చూస్తే సంగతి తేలిపోతుంది. 3 మిల్లీమీటర్ల స్ట్రాతో తోపు రెండు గ్రాములకు కాస్త తక్కువ, గాలి అయిపోవడానికి 25 సెకన్లు. 5 మిల్లీమీటర్లయితే ఆరు గ్రాములు, ఎనిమిదిన్నర సెకన్లు. 8 మిల్లీమీటర్లయితే పదిహేను గ్రాములు, మూడుంపావు సెకన్లు. బలాన్ని కాలంతో గుణించి చూడండి. మూడింటికీ ఇంచుమించు ఒకే జవాబు వస్తుంది, సుమారు అర న్యూటన్-సెకను. ఇది యాదృచ్ఛికం కాదు. బెలూన్‌లో ఉన్నది పది గ్రాముల గాలి. అది పోయే వేగం అన్నిటిలో దాదాపు ఒకటే. కాబట్టి బెలూన్ ఇవ్వగల మొత్తం ప్రచోదనం, అంటే బలాన్ని కాలంతో గుణిస్తే వచ్చే ఈ జవాబు, ఊదిన క్షణంలోనే ఖరారైపోయింది. స్ట్రా చేసేదల్లా ఆ మొత్తాన్ని ఒకేసారి ఖర్చు పెట్టాలా, కొద్దికొద్దిగా పెట్టాలా అని తేల్చడమే.

అలాంటప్పుడు ఏదైనా ఒకటే కదా అంటే, కాదు. ఇరుసుల ఘర్షణ సెకనుకు ఇంత అని అద్దె వసూలు చేస్తుంది. మన కారులో అది రెండు గ్రాములకు కాస్త తక్కువ, ఆ లెక్క కిందనే వస్తుంది. 3 మిల్లీమీటర్ల స్ట్రా ఇచ్చే తోపు సరిగ్గా ఆ అద్దెకే సరిపోతుంది. బెలూన్ 25 సెకన్లపాటు బుసలు కొడుతుంది, కారు కదలదు. ప్రచోదనమంతా నేల పాలు. 5 మిల్లీమీటర్ల స్ట్రాతో అద్దె మూడో వంతు, 8 మిల్లీమీటర్లతో ఎనిమిదో వంతు. ఇరుసులు ఎంత అధ్వానంగా ఉంటే అంత వెడల్పు స్ట్రా పెట్టాలన్నమాట. మరీ వెడల్పయితే కారు మొదట్లోనే ఎక్కువ వేగం అందుకుంటుంది, గాలి నిరోధం ఆ వేగాన్ని మింగుతుంది. మన కారులో 5 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్లు చివరికి ఒకే దూరం పోతాయని లెక్క చెబుతోంది. ఒకటి నింపాదిగా, ఇంకొకటి ఒక్క ఊపులో.

స్ట్రా పొడవు విషయంలో మాత్రం రెండో ఆలోచన అక్కర్లేదు, పొట్టిదే మేలు. 20 సెంటీమీటర్ల స్ట్రాను అలాగే వాడితే ఆరు గ్రాముల తోపు నాలుగు గ్రాములకు దిగుతుంది. మడత దగ్గర నొక్కుకుపోయిన స్ట్రా ఇంకా కాజేస్తుంది. బెలూన్ మూతికీ స్ట్రాకూ మధ్య టేపు వదులుగా ఉండి గాలి జారిపోతే ఆ గాలి తోచిన దిక్కుకు పోతుంది. స్ట్రా కొంచెం పైకో కిందికో వాలినంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు. 20 డిగ్రీలు వాలినా పోయేది ఆరు శాతమే. పక్కకు వాలితే నష్టం వేరు. తోపు కారు మధ్యగీత వెంట పోకుండా కారును ఒక వైపు తిప్పుతుంది, కారు గోడ వెతుక్కుంటుంది.

నేల ఎటు తోస్తోంది?

పాఠ్యపుస్తకాల బొమ్మల్లో ఎక్కువగా తప్పిపోయే బాణం ఇది. పెద్ద కారులో ఇంజను చక్రాన్ని తిప్పుతుంది, చక్రం నేలను వెనక్కు తోస్తుంది, నేల కారును ముందుకు తోస్తుంది. అక్కడ కారును నడిపేది నేల ఘర్షణే. మంచు మీద చక్రాలు తిరుగుతున్నా కారు కదలకపోవడం అందుకే. న్యూటన్ 1687లో మూడో సూత్రానికి ఇచ్చిన ఉదాహరణల్లో తాడు కట్టి రాయిని లాగే గుర్రం ఒకటి. రాయి కూడా గుర్రాన్ని అంతే బలంతో వెనక్కు లాగుతుంది. అయినా గుర్రం ముందుకే పోతుంది, డెక్కలకు నేల ఆసరా ఉంది కాబట్టి.

బెలూన్ కారుకు ఆ ఆసరా అక్కర్లేదు. చక్రాన్ని ఎవరూ తిప్పడం లేదు. కారును గాలి తోస్తోంది, చక్రం నేల వల్ల తిరుగుతోంది. అందువల్ల చక్రం దగ్గర నేల ఘర్షణ పని చేసేది వెనక్కే. ఘర్షణ లేకపోతే కారు కదలదన్న సూత్రం ఇక్కడ పనికిరాదు. నున్నటి మంచు మీద పెడితే ఈ కారు చక్రాలు తిరగకుండానే జారుకుంటూ పోతుంది, ఇంకా హాయిగా.

ఇక్కడ కొంచెం దగ్గరగా చూడాల్సిన సంగతి ఒకటుంది. ఇరుసుకూ దాన్ని పట్టుకున్న గొట్టానికీ మధ్య ఘర్షణ కారు లోపలి వ్యవహారం. లోపలి బలాలు కారును మొత్తంగా ఆపలేవు. అయినా ఇరుసు బిగుసుకుంటే కారు ఆగుతుంది. ఎలా? ఇరుసు దగ్గర ఒరిపిడి చక్రం తిరుగుడును ఆపాలని చూస్తుంది. చక్రం ఆగబోతే దాని అడుగు నేల మీద జారబోతుంది. నేల దాన్ని జారనివ్వకుండా వెనక్కు పట్టి తిప్పుతుంది. ఆ వెనక్కు పట్టే బలమే కారు మీద బయటినుంచి పడే నిరోధం. లోపల పుట్టిన తగాదాకు తీర్పు నేల దగ్గర జరుగుతోందన్నమాట.

ఈ మెలికలోనే ఒక లాభం దాగి ఉంది. ఇరుసు ఒరిపిడి ఇరుసు అంచున, అంటే ఒకటిన్నర మిల్లీమీటర్ల దూరంలో పని చేస్తుంది. నేల పట్టు చక్రం అంచున, 15 మిల్లీమీటర్ల దూరంలో. పది రెట్ల మీటలా ఇది పని చేస్తుంది. వెదురు పుల్లకూ ప్లాస్టిక్ గొట్టానికీ మధ్య ఒరిపిడి బరువులో 30 శాతం అనుకుంటే, 60 గ్రాముల మీద 18 గ్రాములు. నేల దగ్గరికి వచ్చేసరికి అది పదో వంతై 1.8 గ్రాములు. ఇందాకటి అద్దె ఇదే. చక్రాలు లేకుండా అట్టను నేల మీద ఈడిస్తే పూర్తి 18 గ్రాములూ ఎదురయ్యేవి, ఆరు గ్రాముల బెలూన్ దాన్ని అంగుళం కూడా కదపలేదు. చక్రం మనిషికి చేసిన ఉపకారం ఈ చిన్న బొమ్మలో తెలిసినంత స్పష్టంగా ఇంకెక్కడా తెలియదేమో.

అదే మీటను ఇంకా పొడిగిస్తే? మూతల బదులు పాత సీడీలు పెడితే వ్యాసార్ధం 60 మిల్లీమీటర్లు, మీట నలభై రెట్లు. అయితే ఒక్కో సీడీ 15 గ్రాముల దాకా తూగుతుంది. కారు బరువు 110 గ్రాములకు పెరుగుతుంది. అయినా అద్దె 0.8 గ్రాములకు పడిపోతుంది. ఇది లాభం. నష్టమేమిటంటే చక్రాలు ముందుకు పోవడమే కాక తిరగాలి కూడా. బిళ్ల ఆకారపు చక్రాన్ని దొర్లించాలంటే దాని బరువులో సగం అదనంగా ఉన్నంత జడత్వం ఎదురవుతుంది. మొత్తం మీద కదిలించాల్సిన ద్రవ్యరాశి దాదాపు రెట్టింపు. సీడీ కారు బద్ధకంగా బయలుదేరుతుంది, కానీ ఒకసారి వేగం వచ్చాక ఓ పట్టాన ఆగదు. రెండు మీటర్ల పందెంలో మూతల కారే గెలుస్తుంది. ఎంత దూరం పోతుందన్నది పోటీ అయితే సీడీలదే పైచేయి. ఏది మెరుగు అని వాదించుకునేవాళ్లు పందెం ఏమిటో ముందు చెప్పుకోవాలి.

దొర్లుడు ఘర్షణ అని విడిగా ఒకటుంది. చక్రం, నేల ఒకదాన్నొకటి కాస్త అదుముకోవడం వల్ల పుట్టేది. గట్టి ప్లాస్టిక్ చక్రానికి నున్నటి నేల మీద అది స్వల్పం. తివాచీ మీద మాత్రం దానిదే రాజ్యం.

త్రాసుకు దొరకని బరువు

బెలూన్‌లో పది గ్రాముల గాలి ఉందన్నాం. ఊదిన బెలూన్‌ను త్రాసు మీద పెడితే ఆ పది గ్రాములు కనిపించవు. చుట్టూ ఉన్న గాలి దాన్ని పైకి తేలగొడుతుంది, తేడాగా మిగిలేది అర గ్రాము కూడా ఉండదు. బరువు కనిపించకపోయినా జడత్వం ఎక్కడికీ పోదు. కారు వేగం పుంజుకోవాలంటే ఆ గాలినీ వెంట లాక్కుపోవాలి. పైగా గుండ్రని వస్తువు గాలిలో వేగం పెంచుకోవాలంటే ముందున్న గాలిని పక్కకు జరపాలి. గోళానికి ఆ భారం అది ఆక్రమించిన గాలిలో సగమని ప్రవాహ శాస్త్రం చెబుతుంది, అంటే ఇంకో అయిదు గ్రాములు. 60 గ్రాముల కారు నిజానికి 75 గ్రాముల కారులా బయలుదేరుతుంది. గాలి అయిపోతున్న కొద్దీ తేలికవుతుంది.

బెలూన్ ఇంజను మాత్రమే కాదు, అడ్డం కూడా. పాతిక సెంటీమీటర్ల గుండ్రని ముఖంతో గాలిని చీల్చుకుంటూ పోవాలి. సెకనుకు ఒక మీటరు వేగంలో గాలి నిరోధం ఒకటిన్నర గ్రాములు. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలై ఆరు గ్రాములు, అంటే తోపుడు బలమంత. అందుకే మన కారు ఎంత ఆరాటపడినా బెలూన్ పెద్దగా ఉన్నంతసేపు సెకనుకు 1.6 మీటర్ల వేగం దాటదు. అక్కడ తోపుకూ, ఇరుసు అద్దె, గాలి నిరోధం రెండూ కలిసిన మొత్తానికీ సరిసమానం. ఫలిత బలం సున్నా, వేగం నిలకడ. బలం పని చేస్తున్నా వేగం పెరగకపోవడం ఎలా ఉంటుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ బల్ల మీద దొరకదు. బెలూన్ చిక్కిపోతున్న కొద్దీ ముఖం చిన్నదై నిరోధం తగ్గుతుంది, తోపు మాత్రం నిలిచే ఉంటుంది. కారు చివరి సెకన్లలో మళ్లీ కొంచెం వేగం అందుకునేది ఇందుకే.

ఎన్ని ఆటంకాలున్నా ఇంత తేలిక కారు ఇంకా వేగంగా పోవాల్సింది కాదా? ఏ ఆటంకమూ లేకుండా బెలూన్ ప్రచోదనమంతా కారుకే చేరితే సెకనుకు 7 మీటర్ల పైన వేగం రావాలి. శక్తి లెక్క ఇంకా నిరాశగా ఉంటుంది. ఊదిన బెలూన్‌లో సుమారు 20 జౌళ్ల శక్తి ఉంది. అందులో 12 జౌళ్లు ధార గతిజ శక్తిగా వెనక్కు పోతాయి. మిగిలినది స్ట్రాలో సుడులుగా, వేడిగా పోతుంది. తోపుడు బలం కారు మీద చేసే పని, అది పరుగెత్తిన పది మీటర్లకూ కలిపి, అర జౌలు చిల్లర. మూడు శాతం. దీనికి బెలూన్‌ను తప్పుపట్టి లాభం లేదు. కారు 1.6 మీటర్ల వేగంతో పోతుంటే గాలిని 49 మీటర్ల వేగంతో విసరడమే దుబారా. కొద్ది గాలిని చాలా వేగంగా విసరడం కంటే చాలా గాలిని నెమ్మదిగా విసిరితే అదే శక్తికి ఎక్కువ తోపు దక్కుతుంది. పెద్ద విమానాల ఇంజన్లకు ముందు అంత వెడల్పాటి పంకా ఉండటానికి కారణం ఇదే. బెలూన్‌కు ఆ వెసులుబాటు లేదు.

గాలి అయిపోయాక కారు మీద ముందుకు తోసే బలం ఏదీ లేదు. అయినా అది పోతూనే ఉంటుంది. ఆ దశలో బలాల పటం గీయమంటే చాలామంది ముందుకు ఒక బాణం వేస్తారు, కదులుతోంది కాబట్టి. వేయకూడదు. ఉన్నవి వెనక్కు లాగే రెండు, నిలువునా ఒకదానినొకటి రద్దు చేసుకునే బరువు, నేల పైకి తోసే అభిలంబ బలం. అంతే. మంచి ఇరుసులుంటే ఈ ఏ తోపూ లేని పరుగే ఇంకో మూడు నాలుగు మీటర్లు సాగుతుంది.

మొదట చెప్పిన రెండు కార్ల దగ్గరికి వస్తే, జానెడు కదిలి ఆగిన కారును పరీక్షించడానికి బెలూన్ ఊదాల్సిన పనే లేదు. మీటరు పొడవు పలక మీద, ఖాళీ బెలూన్‌తో కారును నిలిపి, పలక ఒక చివరను నెమ్మదిగా ఎత్తుతూ పోవాలి. బాగా చేసిన కారు మూడు సెంటీమీటర్లు ఎత్తేసరికి దొర్లడం మొదలుపెడుతుంది. అంటే దాని నిరోధం బరువులో మూడు శాతం. ఆరు గ్రాముల తోపు 60 గ్రాముల బరువులో తొమ్మిది పది శాతం. తొమ్మిది సెంటీమీటర్లు ఎత్తినా కారు కదలకపోతే మూతలు వంకరగా అయినా ఉన్నాయి, ఇరుసుకు జిగురు అయినా అంటింది. ఏ బెలూన్ పెట్టినా, ఎంత గట్టిగా ఊదినా అది బుస్సుమనడమే తప్ప పోదు.